సప్లిమెంట్లు సరిగ్గా వేసుకోవడం ఎలా: రక్తపరీక్ష నుంచి మాత్ర ఆపే రోజు దాకా

ఏ మాత్ర మంచిదని అడిగేవాళ్లు చాలామంది. దాన్ని ఏ టైముకి వేసుకోవాలి, దేంతో కలపకూడదు, ఎప్పుడు ఆపాలి అని అడిగేవాళ్లు తక్కువ. అసలు ఇబ్బంది ఈ మూడింటి దగ్గరే వస్తుంది. మంచి ఐరన్ మాత్రే అయినా కాఫీతో మింగితే ఒంటికి పట్టేది కొంతే. వారానికోసారి వేసుకోవాల్సిన విటమిన్ డి రోజూ వేసుకుంటే ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే లోపాలు నాలుగు: ఐరన్, విటమిన్ డి, బి12, కాల్షియం. ఈ మార్గదర్శి వాటి గురించే. కింది జాబితాలో మీరుంటే ఏదీ సొంతంగా మొదలుపెట్టకండి, డాక్టర్‌ని అడిగాకే వేసుకోండి.

- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు
- కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గతంలో కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు
- రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు
- తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లు, ఆ చరిత్ర ఉన్న కుటుంబాలవాళ్లు
- త్వరలో ఆపరేషన్ ఉన్నవాళ్లు

## 1. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ ఒకచోట పెట్టండి

కొత్తది కొనేముందు చేయాల్సిన పని ఇది. మందుల డబ్బా, ఫ్రిజ్ పైభాగం, హ్యాండ్‌బ్యాగు, అమెరికా నుంచి పిల్లలు పంపిన సీసాలు అన్నీ తెచ్చి టేబుల్ మీద పెట్టండి. ఒక కాగితం తీసుకుని ఒక్కోదానిలో ఏముందో, ఎంత ఉందో రాయండి. పేరు కాదు, లోపలి పదార్థం రాయాలి.

ఒక ఉదాహరణ చూడండి. అరవై ఏళ్ల అమ్మకి డాక్టర్ వారానికొకటి 60,000 ఐ.యు. (ఇంటర్నేషనల్ యూనిట్లు, విటమిన్‌ని కొలిచే లెక్క) విటమిన్ డి రాశారు. అమెరికాలో ఉన్న అమ్మాయి రోజుకొకటి వేసుకోమని 5,000 ఐ.యు. సీసా పంపింది. రోజూ రెండు వేసుకునే కాల్షియం మాత్రలో ఒక్కోదానిలో 250 ఐ.యు. ఉంది. మల్టీవిటమిన్‌లో ఇంకో 1,000.

కూడితే రోజుకు సగటున సుమారు 15,000 ఐ.యు. అవుతుంది. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా పెద్దవాళ్లు రోజూ తీసుకోదగ్గ గరిష్ఠ పరిమితి 4,000. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. అందరూ ప్రేమతోనే ఇచ్చారు, లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు.

ఈ కాగితం పారేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు పట్టుకెళ్లండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

## 2. ఏది తక్కువో పరీక్షలో తేల్చుకోండి

నీరసం, జుట్టు రాలడం, కాళ్లు గుంజడం, తిమ్మిర్లు. ఈ లక్షణాలు ఐరన్ తగ్గినా వస్తాయి, బి12 తగ్గినా వస్తాయి, థైరాయిడ్ తేడా ఉన్నా వస్తాయి. లక్షణం చూసి మాత్ర ఎంచుకుంటే గురి తప్పే అవకాశమే ఎక్కువ.

అడగాల్సిన పరీక్షలు:

- సీబీసీ: హిమోగ్లోబిన్ ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13, గర్భిణులకి 11 గ్రాములకంటే తగ్గితే రక్తహీనత
- ఫెరిటిన్: ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెబుతుంది
- బి12: చాలా ల్యాబుల్లో 200కి దిగువ ఉంటే లోపం అంటారు
- 25-హైడ్రాక్సీ విటమిన్ డి: 20కి దిగువ లోపం

మాత్రలు మొదలుపెట్టి పది రోజులయ్యాక బి12 పరీక్ష చేయిస్తే అంకె బాగానే కనిపిస్తుంది, అసలు లోపం ఉందా లేదా అన్నది మరుగున పడుతుంది. ఫెరిటిన్ జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పెరిగి కనిపిస్తుంది. అందుకే జ్వరం తగ్గి కొన్నాళ్లయ్యాక చేయించుకోవాలి.

సీబీసీలో ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) తక్కువగా ఉండి, ఫెరిటిన్ మామూలుగా ఉంటే అది తలసీమియా లక్షణం కావచ్చు. అలాంటివాళ్లకి ఐరన్ మాత్రలతో హిమోగ్లోబిన్ పెరగదు, పైగా ఐరన్ ఒంట్లో పేరుకుపోయే ప్రమాదం ఉంది. 'రక్తం తక్కువుంది' అనగానే రక్తం మాత్రలు కొనేయకూడదని చెప్పేది ఇందుకే.

మగవాళ్లలో, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ తగ్గితే మాత్రతో సరిపెట్టుకోకండి. పైల్స్, కడుపులో పుండు, పేగుల్లో రక్తస్రావం లాంటివి ఉన్నాయేమో వెతకాలి. కారణం అలాగే ఉండగా మాత్రలు మింగితే అంకె కాస్త పెరుగుతుంది, జబ్బు లోపల ముదురుతుంది.

## 3. కంచంలో ఎంత వస్తోందో చూడండి

దీనికి ఎక్కువ సమయం పట్టదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లకి రోజుకు 1,000 మి.గ్రా. కాల్షియం, 600 ఐ.యు. విటమిన్ డి కావాలి. ఐరన్ ఆడవాళ్లకి 29 మి.గ్రా., మగవాళ్లకి 19 మి.గ్రా.

200 మి.లీ. గ్లాసు పాలలో దాదాపు 240 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. వంద గ్రాముల రాగిపిండిలో 350 మి.గ్రా. దాకా ఉంటుంది. రెండు గ్లాసుల పాలో పెరుగో తీసుకుని, ఒక పూట సంకటో రాగి దోశో తినేవాళ్లకి రోజూ రెండు కాల్షియం మాత్రలు అవసరం ఉండకపోవచ్చు.

ఆకుకూరల్లో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే కొంత మెరుగు. బి12 మాత్రం పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం లాంటి వాటిలోనే దొరుకుతుంది. పాలు కూడా అంతంతమాత్రంగా తాగే శాకాహారులు ఎంత కూర తిన్నా ఈ లోటు పూడదు.

## 4. లేబుల్ మీద ఏ అంకె చూడాలి

కాల్షియం షీటు వెనక్కి తిప్పండి. 'కాల్షియం కార్బొనేట్ 1,250 మి.గ్రా.' అని ఉంటుంది. ఆ కింద చిన్న అక్షరాల్లో 'ఎలిమెంటల్ కాల్షియం 500 మి.గ్రా.' అని ఉంటుంది. మీ లెక్కకి రెండో అంకే కావాలి. కార్బొనేట్‌లో 40 శాతమే కాల్షియం, సిట్రేట్‌లో 21 శాతం.

ఐరన్‌కీ ఇదే పద్ధతి. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో దాదాపు మూడో వంతు ఐరన్, ఫెర్రస్ గ్లూకొనేట్‌లో 12 శాతమే. రెండు షీట్ల మీద ఒకే అంకె కనిపించినంత మాత్రాన రెండూ సమానం కావు.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- మందుగా తయారైనదైతే తయారీ లైసెన్స్ నంబరు ఉంటుంది. ఆహార ఉత్పత్తిగా అమ్మేదానిపై 'హెల్త్ సప్లిమెంట్' అనీ, మందుగా వాడేందుకు కాదనీ ఇంగ్లిష్‌లో రాసి, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఇస్తారు
- పరీక్షలో తేలిన లోపానికి మందుగా తయారైనదే అడగండి
- ఎక్స్‌పైరీ కనీసం మీ కోర్సు పూర్తయ్యే దాకా ఉండాలి
- ఇరవై రకాలు కలిపిన మాత్రలో ఒక్కోటీ ఎంతుందో చదవండి. ఐరన్, కాల్షియం ఒకే మాత్రలో ఉంటే ఐరన్ లోపం ఉన్నవాళ్లకి అది సరైన ఎంపిక కాదు
- ధర భారమైతే జన్ ఔషధి కేంద్రంలో అదే పదార్థం, అదే మోతాదు చెప్పి అడగండి

## 5. ఐరన్: పట్టుదలగా వాడాల్సింది

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా కనిపించేది కూడా ఈ మాత్ర దగ్గరే.

వేసుకునే పద్ధతి

భోజనానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటల తర్వాత. ఒక గ్లాసు నీళ్లలో అరచెక్క నిమ్మకాయ పిండుకుని దాంతో మింగండి. విటమిన్ సి ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది.

ఐరన్ మాత్రకి ముందు గంట, తర్వాత రెండు గంటలు టీ, కాఫీ తాగకూడదు. పాలు, పెరుగు, మజ్జిగ, కాల్షియం మాత్ర, గ్యాస్‌కి వేసుకునే యాంటాసిడ్‌లకి కూడా రెండు గంటల దూరం పాటించండి.

కడుపులో తిప్పితే

మానేయడం కంటే మార్చుకోవడం మేలు. కాస్త ఏదైనా తిని వేసుకోండి. పట్టడం కొంత తగ్గినా అసలు వేసుకోకపోవడం కంటే నయం. రాత్రి పడుకునే ముందుకు మార్చి చూడండి. రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఒక మాత్ర వేసుకున్నాక శరీరం మర్నాటి దాకా ఐరన్‌ని తక్కువగా తీసుకుంటుంది. ఒక రోజు విరామం ఇస్తే తర్వాతి మాత్ర బాగా పడుతుంది, కడుపూ ఓర్చుకుంటుంది. తీవ్ర రక్తహీనత ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం సొంతంగా ఇలా మార్చుకోకూడదు.

విరేచనం నల్లగా అయితే

ఐరన్ వాడేటప్పుడు అది మామూలే, భయం వద్దు. తారులా జిగటగా, బాగా దుర్వాసనతో ఉంటే, కళ్లు తిరుగుతుంటే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించండి. మలబద్ధకానికి నీళ్లు, పీచు, జామపండు సాయపడతాయి. సిరప్ తాగేవాళ్లు స్ట్రా వాడితే పళ్లు గారపట్టవు.

ఎంతకాలం

రెండు నుంచి నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ పెరగడం మొదలవుతుంది. అంకె మామూలుకి రాగానే ఆపేస్తే కొన్ని నెలలకే మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే నిల్వ ఇంకా నిండలేదు. మామూలుకి వచ్చాక ఇంకో మూడు నెలలు వాడటం సాధారణ పద్ధతి.

ప్రభుత్వం ఇచ్చే మాత్రలు

గర్భిణులకి ఆశా, ఏఎన్‌ఎం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు. స్కూల్లో పెద్దపిల్లలకి ఇచ్చే నీలం మాత్ర వారానికి ఒకటే. ఇవి ఉచితం కాబట్టి పనిచేయవేమోనన్న సందేహం వద్దు. బయట అదనంగా కొన్న ఐరన్ ఉంటే మాత్రం రెండూ కలిపి వాడకుండా డాక్టర్‌కి చెప్పండి.

గర్భిణులకి కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. కాల్షియం తిండితో, ఐరన్ తిండికి దూరంగా. రెండూ ఒకేసారి గుటుక్కున మింగేయకూడదు.

ఐరన్ మాత్రలు చిన్నపిల్లలకి అందని ఎత్తులో పెట్టండి. రంగు చూసి చాక్లెట్ అనుకుని గుప్పెడు మింగితే ప్రాణానికే ముప్పు. అలా జరిగితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

## 6. విటమిన్ డి: వారమా, రోజా?

60,000 ఐ.యు. క్యాప్సూల్ లేదా సాచెట్ సాధారణంగా వారానికొకటి, ఎనిమిది వారాలు రాస్తారు. ఆ తర్వాత నెలకొకటో, రోజూ చిన్న మోతాదో. షీటులో నాలుగో ఎనిమిదో ఉన్నాయి కదా అని రోజుకొకటి వేసేసుకునేవాళ్లున్నారు. అది ప్రమాదం.

- వారంలో ఒక రోజు నిర్ణయించుకుని, ఉదాహరణకు ప్రతి ఆదివారం, క్యాలెండర్‌లో తేదీలకి సున్నా చుట్టండి
- రోజులో పెద్ద భోజనం తర్వాత వేసుకోండి. ఇది కొవ్వులో కరిగేది, నెయ్యీ నూనే ఉన్న తిండితో బాగా పడుతుంది
- ఎనిమిదో క్యాప్సూల్ అయ్యాక అదే చీటీతో మళ్లీ కొనకండి

ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, విపరీతమైన దాహం, ఎక్కువసార్లు మూత్రం, మలబద్ధకం, తికమక కనిపిస్తాయి. కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎండ సంగతీ చాలామంది అడుగుతుంటారు. పొద్దున్నే వాకింగ్‌లో తగిలే లేత ఎండలో విటమిన్ డి తయారవడానికి కావలసిన కిరణాలు చాలా తక్కువ. పదకొండు నుంచి రెండు మధ్య ఎండే పనికొస్తుంది. మన మే నెలలో ఆ సమయంలో బయట నిలబడమని ఎవరికీ చెప్పలేం కానీ, చలికాలంలో చేతులు, ముఖం ఎండకి కాసేపు తగిలేలా చూసుకోవచ్చు.

## 7. బి12: నరాల మాత్రతో జాగ్రత్త

శాకాహారులు, ఏళ్ల తరబడి షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లు, వయసు పైబడినవాళ్లు. ఈ నలుగురూ బి12 చూపించుకోవాలి.

లోపానికి నోటిద్వారా రోజుకు 1,000 మైక్రోగ్రాముల దాకా రాస్తుంటారు. తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు ఉంటే మాత్రలతో కాలక్షేపం చేయొద్దు. ఇంజెక్షన్లు అవసరం కావచ్చు, ఆలస్యమైతే నరాల నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఎక్కువ మోతాదులో వాడితే రక్తం అంకెలు బాగుపడి, బి12 లోపం మాత్రం లోపల నరాలని దెబ్బతీస్తూనే ఉంటుంది.

మందుల షాపులో 'నరాల మాత్ర' అని అడిగితే ఇచ్చే షీటు వెనక తప్పకుండా చదవండి. మిథైల్‌కొబాలమిన్‌తో (బి12లో ఒక రూపం) పాటు ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, నార్‌ట్రిప్టిలిన్ లాంటివి కలిపిన మాత్రలున్నాయి. అవి నరాల నొప్పికి డాక్టర్ రాసే మందులు, విటమిన్లు కావు. మత్తు, తల తిరగడం వస్తాయి. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోవడానికి ఇదొక కారణం. ఇప్పటికే వాడుతుంటే ఉన్నట్టుండి ఆపకండి, డాక్టర్‌ని అడిగి తగ్గించుకోండి.

## 8. కాల్షియం: ఒకసారికి 500 మించొద్దు

శరీరం ఒక్కసారికి 500 మి.గ్రా. మించి సరిగా తీసుకోలేదు. రెండు మాత్రలు అవసరమైతే రెండు పూటలకి విడగొట్టండి. కార్బొనేట్ రకం తిన్న వెంటనే. సిట్రేట్ రకం ఎప్పుడైనా. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్లకి సిట్రేట్ నయం.

## 9. అన్నీ ఉన్నప్పుడు రోజు ఎలా సర్దుకోవాలి

థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం, బి12, విటమిన్ డి అన్నీ వాడే గృహిణి అనుకుందాం. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మాత్రని పట్టనివ్వవు, నాలుగు గంటల దూరం కావాలి. ఐరన్, కాల్షియం ఒకదానికొకటి పడవు.

- ఉదయం 6: పరగడుపున థైరాయిడ్ మాత్ర, మంచినీళ్లతో
- 7: కాఫీ
- 8:30: టిఫిన్, తర్వాత బి12
- 11: ఐరన్, నిమ్మకాయ నీళ్లతో. ఒంటిగంట దాకా టీ, కాఫీ, మజ్జిగ వద్దు
- 1:30: భోజనం. ఆదివారమైతే తర్వాత విటమిన్ డి
- రాత్రి 8:30: భోజనం, వెంటనే కాల్షియం

ఆఫీసులో ఉండేవాళ్లు 11 గంటల టీ మానలేకపోతే, ఐరన్‌ని రాత్రి పడుకునే ముందుకి, కాల్షియాన్ని మధ్యాహ్న భోజనానికి మార్చుకోండి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ రాసినప్పుడు ఐరన్, కాల్షియం వాడుతున్నామని తప్పకుండా చెప్పండి. ఆ మందుల్ని ఇవి పనిచేయనివ్వవు.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిదిద్దే దారి

నిన్న మర్చిపోయారని ఇవాళ రెండు వేసుకోవడం. వద్దు. ఇవాళ్టిది ఇవాళే. వారపు విటమిన్ డి మర్చిపోతే గుర్తొచ్చిన రోజు వేసుకుని, అక్కడి నుంచి వారం లెక్కపెట్టండి.

అన్ని షీట్లూ కత్తిరించి ఒకే సీసాలో పోయడం. పేరూ తేదీ పోతాయి, తేమ పడుతుంది. వారం రోజుల గదుల డబ్బా వాడండి, అసలు షీట్లు దాచి ఉంచండి.

ఒకేసారి నాలుగు మొదలుపెట్టడం. దద్దురో విరేచనాలో వస్తే ఏది కారణమో తెలియదు. వారానికొకటి చొప్పున చేర్చుకోండి.

పక్కింటివాళ్లకి పనిచేసిందని మనమూ వేసుకోవడం. వాళ్ల రిపోర్టు వేరు, మన రిపోర్టు వేరు.

బి కాంప్లెక్స్ వేసుకోగానే మూత్రం పసుపుగా వచ్చిందని మానేయడం. అందులోని రైబోఫ్లేవిన్ రంగు అది, హాని లేదు.

జింక్ నెలల తరబడి కొనసాగించడం. ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే ఒంట్లో రాగి (కాపర్) లోపం వస్తుంది. మొదలుపెట్టిన రోజే ఆపే తేదీ రాసుకోండి.

గర్భం కోసం ప్రయత్నిస్తూ విటమిన్ ఎ ఎక్కువున్న మాత్రలు వాడటం. రెటినాల్ రూపంలో రోజుకు 10,000 ఐ.యు. మించితే బిడ్డకి హాని. చేపనూనె వేరు, చేప కాలేయం నూనె వేరు. రెండోదానిలో విటమిన్ ఎ ఎక్కువ.

## 11. మళ్లీ పరీక్ష, ఆ తర్వాత

- హిమోగ్లోబిన్: నాలుగు వారాలకి. పెరుగుదల లేకపోతే మాత్ర మార్చేముందు టైము సరిగా పాటించారా, రక్తం ఎక్కడైనా పోతోందా అన్నది డాక్టర్‌తో చూసుకోండి
- ఫెరిటిన్, విటమిన్ డి: మూడు నెలలకి
- బి12: మూడు నెలల తర్వాత. శాకాహారులకి, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి చిన్న మోతాదు కొనసాగించాల్సి రావచ్చు, ఏడాదికోసారి చూపించుకోవాలి

జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్లు రక్తపరీక్షకి రెండు మూడు రోజుల ముందే అది ఆపాలి. థైరాయిడ్ రిపోర్టులు, గుండెపోటు గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా చూపించే అవకాశం ఉంది. ఎమర్జెన్సీలో అయితే ఆపే సమయం ఉండదు కాబట్టి బయోటిన్ వేసుకుంటున్నామని అక్కడి డాక్టర్‌కి ముందే చెప్పండి.

రిపోర్టు మామూలుకి వచ్చాక మొదట రాసుకున్న కాగితం మళ్లీ తీయండి. పని పూర్తయిన మాత్ర పేరు కొట్టేసి, పక్కన ఆపిన తేదీ వేయండి. మిగిలిన షీట్లు ఇంకెవరికో పనికొస్తాయని ఇవ్వకండి.